వెబ్ అప్లికేషన్ బయలుదేరే ముందు: రైల్స్ ప్రారంభ క్రమం

విద్యార్థులారా, ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగినవారికి రైలు బయలుదేరడమంటే ఏమిటో వేరే చెప్పనవసరం లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలలో వర్క్‌షాపులోనో, యార్డులోనో, కేబిన్‌లోనో పనిచేసినవారు లేని ఇల్లు అరుదు. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ప్లాట్‌ఫారం మీద ఆగి ఉన్నప్పుడు ప్రయాణికుడికి కనిపించేది ఒక్కటే: సిగ్నల్ రంగు మారింది, బండి కదిలింది. కాని మీ ఇంట్లోని పెద్దలను అడగండి. ఆ రంగు మారడానికి ముందు ఏమేమి జరగాలో వరుసగా చెబుతారు. పాయింట్లు సరైన వైపుకు తిరగాలి. తిరిగినవి అక్కడే లాక్ కావాలి. ముందున్న లైను ఖాళీగా ఉందని తేలాలి. ఆ దారికి అడ్డం వచ్చే మరో దారిని అప్పటికే ఇంకో బండికి ఇచ్చి ఉండకూడదు. ఇవన్నీ అయిన తరువాతే సిగ్నల్.

వెబ్ అప్లికేషన్ సంగతీ ఇంతే. మీరు కంప్యూటరు ముందు కూర్చొని సర్వరును మొదలుపెట్టే ఆదేశం టైపు చేస్తారు. తెర మీద నాలుగైదు వరుసలు కనబడతాయి. చివరి వరుసలో, సర్వరు ఫలానా పోర్టు దగ్గర వింటోందని ఉంటుంది. ఈ రెంటి మధ్య చిన్న అప్లికేషన్‌కు రెండు మూడు సెకన్లు పట్టవచ్చు, పెద్దదానికి అర నిమిషం కూడా పట్టవచ్చు. ఆ కొద్ది వ్యవధిలో లోపల ఏం జరుగుతుంది, ఏ భాగం ముందు వస్తుంది, ఏది తరువాత వస్తుంది, ఆ వరుసను ఎవరు నిర్ణయిస్తారు అన్నది ఈ పాఠంలో తెలుసుకుందాం.

చాలామంది ప్రోగ్రామర్లు ఈ భాగం వైపు తొంగి కూడా చూడరు. పనిచేస్తున్నంత కాలం చూడవలసిన అవసరమూ ఉండదు. అయితే "నా కంప్యూటరులో బాగానే ఉంది, సర్వరులో పెడితే పనిచేయడం లేదు" అనే ఫిర్యాదు మీరు ఎప్పుడో ఒకప్పుడు చేసే ఉంటారు, లేదా చేయబోతారు. నా అనుభవంలో అలాంటి చిక్కులలో చాలావాటికి మూలం ఈ ప్రారంభ దశలోనే దొరికింది. అందుకే ఈ విషయానికి ఒక పాఠమంతా కేటాయిస్తున్నాం.

స్లీపర్, ఇంజన్, అప్లికేషన్

ప్రతి వెబ్ అప్లికేషన్‌కూ అవసరమయ్యే పనులు కొన్ని ఉంటాయి. డేటాబేసుతో మాట్లాడటం, పేజీ తయారుచేయడం, ఈమెయిల్ పంపడం, ఎవరు లాగిన్ అయ్యారో గుర్తుంచుకోవడం వంటివి. వీటిని ప్రతిసారీ మొదటి నుంచి రాసుకోనక్కరలేకుండా సిద్ధంగా ఇచ్చి, మన ప్రోగ్రామును ఏ పద్ధతిలో అమర్చుకోవాలో కూడా చెప్పే చట్రాన్ని ఫ్రేమ్‌వర్క్ అంటారు. ఇలాంటివి చాలా ఉన్నాయి. పైథాన్ భాషలో జాంగో, జావాలో స్ప్రింగ్, పి.హెచ్.పి.లో లారవెల్ ప్రసిద్ధమైనవి. ఈ పాఠానికి రూబీ భాషలోని రైల్స్‌ను తీసుకుందాం. దాని ప్రారంభ క్రమం దాపరికం లేకుండా బయటికి కనిపిస్తుంది కనుక ఎంచుకున్నాను. పేరు కూడా కొంత కారణమేనని ఒప్పుకుంటాను.

రూబీ భాషను జపాన్‌కు చెందిన యుకిహిరో మాత్సుమోతో 1995లో విడుదల చేశారు. డెన్మార్క్‌కు చెందిన డేవిడ్ హైనమైయర్ హాన్సన్ తాను పనిచేస్తున్న బేస్‌క్యాంప్ అనే అప్లికేషన్ నుంచి సాధారణ భాగాలను వేరుచేసి, 2004లో రైల్స్ పేరుతో అందరికీ అందుబాటులోకి తెచ్చారు. 2010లో వచ్చిన మూడవ వెర్షన్‌లో ఒక ముఖ్యమైన మార్పు జరిగింది. అంతవరకు కలగలిసి ఉన్న భాగాలను విడివిడిగా చేసి, ఒక్కొక్కదానికి "రైల్‌టై" అనే చిన్న క్లాసును తగిలించారు. పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మెను అమెరికావారు టై అంటారు. మనం స్లీపర్ అంటాం. పేరు పెట్టినవారు సరిగ్గానే పెట్టారు. ప్రయాణికుడు స్లీపర్‌ను చూడడు, కాని రెండు పట్టాలను సరైన దూరంలో పట్టి ఉంచేది అదే.

డేటాబేసు పని చూసే యాక్టివ్ రికార్డ్‌కు ఒక రైల్‌టై ఉంది. పేజీలు తయారుచేసే యాక్షన్ వ్యూకు ఒకటి, ఈమెయిల్ పంపే యాక్షన్ మెయిలర్‌కు ఒకటి ఉన్నాయి. ప్రతి రైల్‌టైలోనూ ఉండేది ప్రధానంగా రెండే సంగతులు. మొదటిది, ఈ భాగానికి ఏ సెట్టింగులు ఉన్నాయి. రెండవది, ప్రారంభ సమయంలో ఈ భాగం కోసం ఏయే పనులు జరగాలి. ఆ పనులను "ఇనీషియలైజర్లు" అంటారు. రైల్‌టైకి మరికొన్ని హంగులు చేరిస్తే దాన్ని ఇంజన్ అంటారు. ఇంజన్‌కు సొంతంగా పేజీలు, డేటాబేసు మోడళ్ళు, దారులు ఉండవచ్చు. ఇక మీరు రాసే అప్లికేషన్ ఏమిటి? అది ఇంజన్ నుంచి పుట్టిన క్లాసు. అంటే రైల్స్ దృష్టిలో మీ అప్లికేషన్ కూడా కొన్ని అదనపు బాధ్యతలున్న మరో స్లీపరే. ఈ సంగతి మనసులో పెట్టుకోండి. వరుస నిర్ణయించేటప్పుడు మీ భాగాలకూ రైల్స్ సొంత భాగాలకూ ఒకే నియమం వర్తిస్తుంది.

దారి తెలియడం వేరు, లోడ్ కావడం వేరు

ఆదేశం టైపు చేయగానే ముందుగా తెరుచుకునేది కాన్ఫిగ్ ఫోల్డరులోని బూట్ అనే ఫైలు. ఇందులో మూడు నాలుగు వరుసలకు మించి ఉండవు. అది బండ్లర్ అనే సాధనాన్ని పిలుస్తుంది. రూబీలో ఇతరులు రాసి ఇచ్చిన లైబ్రరీలను జెమ్‌లు అంటారు. మీ అప్లికేషన్‌కు ఏ జెమ్‌లు కావాలో జెమ్‌ఫైల్ అనే జాబితాలో మీరు రాస్తారు. దాని పక్కనే జెమ్‌ఫైల్ లాక్ అనే మరో ఫైలు ఉంటుంది. అందులో ప్రతి జెమ్‌కూ కచ్చితమైన వెర్షన్ నమోదై ఉంటుంది. మీ ఇంట్లోని కంప్యూటరులోనూ, దూరాన ఉన్న సర్వరులోనూ ఒకే వెర్షన్లు రావడానికి ఆధారం ఈ లాక్ ఫైలే. దీన్ని తీసేసి "మళ్ళీ అదే వస్తుందిలే" అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. రాదు.

బండ్లర్ ఈ దశలో చేసే పని లాక్ ఫైలు చదివి, ప్రతి జెమ్ ఏ ఫోల్డరులో ఉందో రూబీకి చెప్పడం మాత్రమే. రూబీ దగ్గర "లోడ్ పాత్" అనే జాబితా ఒకటి ఉంటుంది. ఏదైనా ఫైలు కావలసివస్తే ఆ జాబితాలోని ఫోల్డర్లలో వెతుకుతుంది. బండ్లర్ ఆ జాబితాను నింపుతుంది. అంతే. ఇంకా ఏ జెమ్ కూడా లోడ్ కాలేదు.

లోడ్ కావడమంటే ఫైలును తెరిచి, అందులోని వాక్యాలను పై నుంచి కిందికి అమలు చేయడం. రూబీలో ఒక క్లాసును నిర్వచించడం కూడా అమలయ్యే వాక్యమే. కనుక ఫైలు లోడ్ అయినప్పుడు క్లాసు పుట్టడమే కాక, ఆ పుట్టుకను గమనించి మరో పని జరిగేలా కూడా ఏర్పాటు చేయవచ్చు. తరువాతి దశ అంతా ఈ సౌకర్యం మీదనే ఆధారపడి ఉంది.

ఇప్పుడు అప్లికేషన్ అనే ఫైలు తెరుచుకుంటుంది. అది మొదట రైల్స్ సొంత భాగాల రైల్‌టైలను ఒక్కొక్కటిగా లోడ్ చేయిస్తుంది. తరువాత జెమ్‌ఫైల్‌లోని జెమ్‌లను లోడ్ చేయిస్తుంది. వాటిలో కొన్నింటికి సొంత రైల్‌టైలు ఉంటాయి. ఎక్కడైనా ఒక క్లాసు "నేను రైల్‌టై నుంచి పుట్టాను" అని ప్రకటించగానే, రైల్‌టై ఆ పేరును తన జాబితాలో రాసుకుంటుంది. మీరు ఎక్కడా ప్రత్యేకంగా నమోదు చేయనక్కరలేదు. గ్యాంగ్ పనిలోకి దిగకముందు మస్టర్‌లో పేర్లు ఎక్కినట్టు ఇక్కడ పేర్లు మాత్రమే ఎక్కుతాయి. డేటాబేసుతో సంబంధం ఇంకా ఏర్పడలేదు. మీ సెట్టింగులు ఇంకా వాడుకలోకి రాలేదు. ఎవరెవరు ఉన్నారు, ఒక్కొక్కరు ఏ పని చేయదలచుకున్నారు అన్నది మాత్రం తెలిసింది.

పేర్లు రాసుకోవడాన్నీ పని చేయడాన్నీ ఇలా విడదీయడం రైల్స్ ప్రత్యేకత కాదు. జాంగోలో 2014లో వచ్చిన 1.7 వెర్షన్ నుంచి అప్లికేషన్లు మూడు విడతలుగా సిద్ధమవుతాయి. మొదట ప్రతి అప్లికేషన్ వివరాలు, తరువాత అన్నింటి మోడళ్ళు, చివరకు ప్రతి ఒక్కదానిలో "రెడీ" అనే పద్ధతి. మొదటి విడతలోనే మోడల్‌ను ముట్టుకోబోతే, రిజిస్ట్రీ ఇంకా సిద్ధంగా లేదని చెప్పి ఆగిపోతుంది. కారణం తేలికే. అందరూ ఎవరో తెలియకముందే పని మొదలుపెడితే, మొదటివాడు చివరివాడి కోసం వెతికి లేడనుకుంటాడు.

వరుసను ఎవరు నిర్ణయిస్తారు?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చాం. ఒక మామూలు రైల్స్ అప్లికేషన్‌లో ఇనీషియలైజర్లు వందకు పైగానే ఉంటాయి. కొన్నింటిని రైల్స్ రాసింది, కొన్నింటిని జెమ్‌లు రాసినవారు రాశారు, కొన్నింటిని మీరు రాశారు. వీరు ఒకరినొకరు ఎరుగరు. అలాంటప్పుడు ఒకరు కూర్చొని ఒకటి నుంచి వంద వరకు అంకెలు వేయడం కుదరదు. కొత్త జెమ్ ఒకటి చేరితే అంకెలన్నీ మార్చవలసి వస్తుంది.

రైల్స్ అనుసరించే మార్గం ఇది. ప్రతి ఇనీషియలైజర్ మొత్తం వరుస గురించి ఆలోచించదు. "నేను ఫలానాదాని తరువాత రావాలి" లేదా "ఫలానాదానికి ముందు రావాలి" అని మాత్రం చెబుతుంది. ఏమీ చెప్పకపోతే, ఒకే రైల్‌టైలో తనకు ముందు రాసి ఉన్నదాని తరువాత వస్తుంది. ఈ చిన్న చిన్న షరతులన్నింటినీ కలిపి, ఏ ఒక్కటీ తప్పకుండా ఉండే ఒక వరుసను కంప్యూటరే లెక్కకడుతుంది. ఈ లెక్కకు టోపోలాజికల్ సార్టింగ్ అని పేరు. రూబీతోపాటు వచ్చే టి-సార్ట్ అనే లైబ్రరీ ఈ పని చేస్తుంది. దాని వెనుక ఉన్నది రాబర్ట్ టార్జాన్ 1972లో ప్రచురించిన పద్ధతి.

ఒక ఉదాహరణ చేసి చూద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి. మన దగ్గర ఐదు పనులున్నాయి అనుకుందాం: డేటాబేసు, క్యాష్, లాగర్, సెట్టింగులు, మిడిల్‌వేర్. లాగర్ అంటే జరిగినదాన్ని ఫైలులో రాసేది. క్యాష్ అంటే తరచు అడిగే సమాచారాన్ని దగ్గర పెట్టుకునేది. మిడిల్‌వేర్ గురించి తరువాత చెప్పుకుందాం. షరతులు ఇవి. లాగర్ సెట్టింగుల తరువాత రావాలి, ఎందుకంటే ఏ ఫైలులో రాయాలో సెట్టింగులలోనే ఉంటుంది. డేటాబేసు లాగర్ తరువాత రావాలి, లేకపోతే కనెక్షన్ కుదరనప్పుడు ఆ సంగతి రాయడానికి ఎవరూ ఉండరు. క్యాష్ కూడా లాగర్ తరువాత రావాలి. మిడిల్‌వేర్ డేటాబేసు, క్యాష్ రెండింటి తరువాత రావాలి.

జాబితాలో మొదట ఉన్న డేటాబేసును పట్టుకోండి. "నీకంటే ముందు ఎవరు?" అని అడగండి. లాగర్ అంటుంది. లాగర్‌ను అడగండి. సెట్టింగులు అంటుంది. సెట్టింగులను అడగండి. ఎవరూ లేరంటుంది. కనుక సెట్టింగులను మొదటిదిగా రాయండి. వెనక్కి వచ్చి లాగర్‌ను రెండవదిగా, డేటాబేసును మూడవదిగా రాయండి. జాబితాలో తరువాతిది క్యాష్. దానికి ముందు రావలసిన లాగర్ అప్పటికే రాసేశాం. కనుక క్యాష్ నాలుగవది. లాగర్, సెట్టింగులు ఇప్పటికే వరుసలో ఉన్నాయి కనుక దాటిపోతాం. మిగిలిన మిడిల్‌వేర్ ఐదవది. ఇంతే. ఐదింటికి చేసినదాన్నే కంప్యూటరు వందకు చేస్తుంది.

ఇక్కడ డేటాబేసు, క్యాష్‌లలో ఏది ముందు రావాలన్న షరతు ఏదీ లేదు. జాబితాలో డేటాబేసు ముందుంది కనుక ముందు వచ్చింది. రేపు ఎవరో ఒక జెమ్‌ను చేరిస్తే అది మారిపోవచ్చు. మీ పనికి డేటాబేసు ముందు ఉండటం నిజంగా అవసరమైతే, అది ఇప్పుడు ముందే వస్తోంది కదా అని ఊరుకోకూడదు. షరతును రాయాలి. రాయని షరతు మీద ఆధారపడిన ప్రోగ్రాము ఏడాదిపాటు పనిచేసి, ఏ సంబంధమూ లేని మార్పు జరిగిన రోజున ఆగిపోతుంది. ఆ రోజున కారణం వెతకడం ఎంత కష్టమో పడినవారికే తెలుసు.

మరో సంగతి. లాగర్ డేటాబేసు తరువాత రావాలని ఎవరైనా రాశారనుకోండి. డేటాబేసును అడిగితే లాగర్ అంటుంది, లాగర్‌ను అడిగితే డేటాబేసు అంటుంది. ఇక్కడ వరుస అనేదే లేదు. టి-సార్ట్ ఈ వలయాన్ని గుర్తించి, తప్పు చూపించి ఆగిపోతుంది. జావాలోని స్ప్రింగ్‌లో కూడా ఇలాంటి వలయాలు వస్తాయి. 2021లో వచ్చిన స్ప్రింగ్ బూట్ 2.6 వెర్షన్ నుంచి వాటిని మామూలుగా అనుమతించడం మానేశారు. అంతకుముందు కొన్ని రకాల వలయాలను సర్దుబాటు చేసి నడిపించేవారు. ఆగిపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మీరు సొంతంగా రాసే ఇనీషియలైజర్ ఫైళ్ళకు మాత్రం నియమం ఇంకా సాదాగా ఉంటుంది. కాన్ఫిగ్ ఫోల్డరులోని ఇనీషియలైజర్స్ అనే ఫోల్డరులో ఉన్న ఫైళ్ళు పేర్ల అక్షర క్రమంలో లోడ్ అవుతాయి. అందుకే కొందరు ఫైలు పేరు ముందు 01, 02 అని అంకెలు తగిలిస్తారు. చూడటానికి బాగుండదు, కాని పనిచేస్తుంది.

ఇప్పుడే తేవాలా, కావలసినప్పుడు తేవాలా?

ఇంతవరకు ఫ్రేమ్‌వర్క్ భాగాల గురించి మాట్లాడుకున్నాం. మీరు రాసిన క్లాసులు ఎప్పుడు లోడ్ అవుతాయి? ఇందుకు రెండు పద్ధతులున్నాయి. ఒకటి, ఏ క్లాసు పేరు ఎప్పుడు వాడితే అప్పుడు దాని ఫైలును వెతికి లోడ్ చేయడం. రెండవది, ప్రారంభంలోనే అన్నింటినీ లోడ్ చేసి పెట్టడం. ప్రోగ్రాము రాసుకునే కంప్యూటరులో మొదటి పద్ధతి, అసలు సర్వరులో రెండవ పద్ధతి రైల్స్‌లో మామూలు ఏర్పాటు. రాసుకునేటప్పుడు మాటిమాటికీ మొదలుపెట్టవలసి వస్తుంది కనుక త్వరగా లేవడం ముఖ్యం.

క్లాసు పేరును బట్టి ఫైలు ఎలా దొరుకుతుంది? పేరే ఆధారం. క్లాసు పేరులోని మాటల మధ్య అడ్డగీత పెట్టి చిన్న అక్షరాలలో రాస్తే ఫైలు పేరు వస్తుంది. 2019లో వచ్చిన ఆరవ వెర్షన్ నుంచి ఈ పనిని చావియర్ నోరియా రాసిన జైట్‌వెర్క్ అనే లైబ్రరీ చూస్తోంది. ఫైలు పేరుకూ, లోపలి క్లాసు పేరుకూ పొంతన ఉండాలన్నది దాని ఏకైక పట్టుదల.

ఈ సందర్భంలో నాకు జరిగినది చెప్పాలి. ఒక విద్యాసంస్థ ప్రవేశాల కోసం దరఖాస్తుల సైటు తయారుచేశాం. దాన్ని పెట్టిన సర్వరు చిన్నది. మొదలుపెట్టిన ప్రతిసారీ చాలాసేపు పడుతోందని అందరూ విసుక్కున్నారు. అన్నింటినీ ముందే లోడ్ చేసే సెట్టింగును ఆపేస్తే త్వరగా లేస్తుందని ఆపేశాం. ఆపింది నేనే. నిజంగానే త్వరగా లేచింది. రెండు వారాల తరువాత ఒక సహోద్యోగి కొన్ని ఫైళ్ళకు పేర్లు మార్చారు. రసీదు అనే ఇంగ్లీషు మాటలో ఇ, ఐ అనే రెండు అక్షరాలు తారుమారయ్యాయి. ఫైలు పేరు ఒకటి, లోపలి క్లాసు పేరు మరొకటి.

సర్వరు ఏ ఫిర్యాదూ లేకుండా లేచింది. దరఖాస్తు పేజీ బాగుంది. ఫీజు పేజీ బాగుంది. బ్యాంకులో డబ్బు చెల్లింపు కూడా అయిపోయింది. ఆ తరువాత రసీదు చూపించాల్సిన చోట మొదటిసారిగా ఆ క్లాసు అవసరమైంది, దొరకలేదు. పేజీ విరిగిపోయింది. మా కంప్యూటర్లలో నిజమైన బ్యాంకు చెల్లింపు లేదు కనుక, పేరు మార్చిన తరువాత అంతవరకు ఎవరం వెళ్ళి చూడలేదు. ఆ రాత్రి ఫీజు కట్టినవారందరికీ డబ్బు పోయింది, రసీదు రాలేదు. గడువు మరునాటితో ముగుస్తుంది. ఉదయాన్నే ఒక తండ్రి ఫోన్ చేసి, "రెండోసారి కట్టాలా బాబూ?" అని అడిగారు. ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆ సెట్టింగును ఆపకుండా ఉండి ఉంటే ఏం జరిగేది? కొత్త ఫైళ్ళు పెట్టి సర్వరును మొదలుపెట్టగానే జైట్‌వెర్క్ ప్రతి ఫైలునూ తెరిచేది. ఈ ఫైలులో ఫలానా పేరు గల క్లాసు ఉండాలి, లేదు అని చెప్పి సర్వరును లేవనిచ్చేది కాదు. ఇబ్బంది పడేవాళ్ళం మేము, దరఖాస్తుదారులు కాదు. స్టేషనులో పాయింటు సరిగా లాక్ కాకపోతే సిగ్నల్ ఎరుపుగానే ఉండిపోతుంది. బండి ఆలస్యమవుతుంది, తిట్లు పడతాయి. బండి కదిలాక పాయింటు లాక్ కాలేదని తెలియడం కంటే అదే నయం. ఆ రోజు మేము ఆదా చేసింది ప్రతి ప్రారంభానికీ కొన్ని సెకన్లు.

ఇదే క్రమానికి సంబంధించిన మరో చిక్కు కూడా ఉంది. మీ ఇనీషియలైజర్ ఫైలులో మీ సొంత మోడల్ పేరు వాడితే, 2021 చివర వచ్చిన ఏడవ వెర్షన్ నుంచి రైల్స్ ఒప్పుకోదు. ఇనీషియలైజర్ ఒక్కసారే అమలవుతుంది. ప్రోగ్రాము రాసుకునేటప్పుడు మీరు మోడల్ ఫైలును మార్చితే, కొత్త క్లాసు వస్తుంది గాని, ఇనీషియలైజర్ చేతిలో పాత క్లాసే మిగిలిపోతుంది. అందుకని అలాంటి పనిని "టు ప్రిపేర్" అనే బ్లాకులో పెట్టమంటుంది. క్లాసులు మళ్ళీ లోడ్ అయినప్పుడల్లా ఆ బ్లాకు మళ్ళీ అమలవుతుంది.

ఇక జెమ్‌లు రాసేవారి కోసం "ఆన్ లోడ్" అనే మరో ఏర్పాటు ఉంది. యాక్టివ్ రికార్డ్‌కు ఏదో అదనపు శక్తి చేర్చాలనుకున్న జెమ్, దాన్ని వెంటనే పిలిచి లోడ్ చేయించకూడదు. అలా చేస్తే సెట్టింగులు వర్తించకముందే అది లోడ్ అయిపోతుంది. "యాక్టివ్ రికార్డ్ లోడ్ అయినప్పుడు ఈ పని చేయి" అని చెప్పి ఊరుకోవాలి. అప్పటికే లోడ్ అయి ఉంటే ఆ పని వెంటనే జరుగుతుంది, కాకపోతే అయినప్పుడు జరుగుతుంది.

రూట్లు, చివరకు తలుపు

ఇనీషియలైజర్ల వరుస చివరకు వచ్చేసరికి మిడిల్‌వేర్ దొంతర తయారవుతుంది. బయటి నుంచి వచ్చే ప్రతి అభ్యర్థనా మీ పేజీని చేరేముందు కొన్ని పొరలను దాటాలి. ఒక పొర లాగ్‌లో రాస్తుంది, ఒకటి కుకీలను చదువుతుంది, ఒకటి సెషన్‌ను తెస్తుంది. కుకీల పొర సెషన్ పొరకంటే బయట ఉండాలి, ఎందుకంటే సెషన్ గుర్తు కుకీలోనే వస్తుంది. ఇక్కడా ప్రశ్న వరుసదే.

అన్ని పొరలూ దాటిన తరువాత రూట్ల దగ్గరకు వస్తుంది. ఏ చిరునామాకు ఏ పేజీ అన్నది రూట్స్ అనే ఫైలులో ఉంటుంది. ఈ మాట మీకు కొత్త కాదు. 2017 నవంబరులో ఖరగ్‌పూర్ స్టేషనులో పాత రిలే ఇంటర్‌లాకింగ్ స్థానంలో ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వచ్చినప్పుడు, అది 800 రూట్లను నిర్వహించగలదని చెప్పారు. అయితే పేరు ఒకటైనా స్వభావం వేరు. స్టేషనులో ఒకదానికొకటి అడ్డు వచ్చే రెండు రూట్లను ఇంటర్‌లాకింగ్ ఒకేసారి ఇవ్వనివ్వదు. రైల్స్‌లో అలాంటి కాపలా లేదు. ఒకే చిరునామాకు సరిపోయే రెండు రూట్లు రాస్తే, పై నుంచి కిందికి చూస్తూ మొదట సరిపోయినదాన్ని పట్టుకుంటుంది. రెండవది ఎప్పటికీ చేరలేని పేజీగా మిగిలిపోతుంది, ఎవరూ హెచ్చరించరు. రైల్వేతో పోలిక ఇక్కడివరకే పనికివస్తుంది.

ఇవన్నీ అయిన తరువాత సర్వరు ప్రోగ్రాము అభ్యర్థనలను తీసుకుంటుంది. రైల్స్‌లో 2016 నాటి ఐదవ వెర్షన్ నుంచి మామూలుగా వచ్చే సర్వరు పేరు ప్యూమా. ఎక్కువ మందికి సేవలందించాలంటే ప్యూమా తన ప్రతులను కొన్ని తయారుచేసుకుంటుంది. అప్లికేషన్‌ను ముందే ఒకసారి లోడ్ చేసి తరువాత ప్రతులు తీయమని కూడా చెప్పవచ్చు. అప్పుడు ప్రతులన్నీ మారని మెమరీ భాగాన్ని పంచుకుంటాయి, చోటు ఆదా అవుతుంది. కాని డేటాబేసు కనెక్షన్ వంటివాటిని పంచుకోకూడదు. ఒకే తీగ మీద ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరి జవాబు ఎవరికి వెళుతుందో తెలియదు. యాక్టివ్ రికార్డ్ ఈ జాగ్రత్త తానే తీసుకుంటుంది. మీరు సొంతంగా తెరిచిన కనెక్షన్లు ఏవైనా ఉంటే, ప్రతి తయారైన తరువాత మళ్ళీ తెరవడం మీ పని.

తరువాతి పాఠంలోగా ఒక పని చేయండి. మీ కంప్యూటరులో ఖాళీ రైల్స్ అప్లికేషన్ ఒకటి తయారుచేసి, బిన్ ఫోల్డరులోని రైల్స్ ఆదేశానికి "ఇనీషియలైజర్స్" అనే మాట చేర్చి నడపండి. ప్రారంభ సమయంలో జరిగే పనులన్నీ జరిగే వరుసలోనే తెర మీదకు వస్తాయి. వాటిని లెక్కపెట్టండి. తరువాత జెమ్‌ఫైల్‌లో మీకు నచ్చిన జెమ్ ఒకటి చేర్చి మళ్ళీ నడపండి. కొత్త వరుసలు ఎక్కడ చొరబడ్డాయో, పాతవాటిలో ఏవైనా చోటు మారాయో పోల్చి చూడండి. "మిడిల్‌వేర్" అనే మాటతో నడిపితే పొరల దొంతర కనిపిస్తుంది. చివరగా ఒక మోడల్ ఫైలు పేరులో కావాలని ఒక అక్షరం తప్పు రాసి, "జైట్‌వెర్క్ చెక్" అనే ఆదేశం నడపండి. అది ఏమంటుందో నోటు పుస్తకంలో రాసుకోండి.